జారని కడ్డీ

ఫిబ్రవరి 11

కుదిరింది.

ఈ ఒక్క మాట రాసి కలం మూసేయవచ్చు. చేతికి అంటిన గ్రీజు ఇంకా పూర్తిగా వదలలేదు, మనస్సు కూడా ఒకచోట నిలవడం లేదు. అందుచేత రాస్తున్నాను.

ఉదయం అమ్మాయి తన కారులో వచ్చి వాళ్ళమ్మను కాలి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళింది. నేను షెడ్డులోకి వెళ్ళి, మా కారులో డ్రైవరు సీటుమీద కూర్చుని, స్టీరింగు పక్కన బిగించిన చేతికడ్డీని ఎడమచేత్తో ముందుకు తోశాను. కింద బ్రేకు పెడలు వినయంగా వంగింది. వదిలితే లేచింది. నావైపు లాగితే యాక్సిలరేటరు దిగింది. బలం కొద్దీ తోశాను, విసురుగా తోశాను, దొంగదెబ్బ తీసినట్టు ఉన్నట్టుండి తోశాను. ఒక్కసారి కూడా జారలేదు. నా భార్య చచ్చుబడిన కుడిపాదం చేయలేని రెండు పనులనూ ఒక ఎడమచేయి చేసిపెడుతుందన్న ఊహ, కాగితంమీద గీతగా పుట్టినది, ఈరోజు లోహమై నిలబడింది.

బండి నడపడం నాకు రాదు. ఆ విద్య ఆమెది. సర్వే శాఖలో ఉద్యోగమంతా గుట్టలూ పొలాలూ కొలిచిన మనిషి. గేర్లు వాటంతటవే మారే ఈ కారు ఆమెది, దానిమీద చేతిపని నాది. వెనకసీటు ముందు మడతబల్ల, బల్లమీదికి తల వంచిన చిన్న దీపం, పుస్తకం జారిపోకుండా అంచున చెక్కగట్టు, ఇవన్నీ ఆమె కొలతలు తీసుకునే చోట్ల నేను బండిలో కూర్చుని చదువుకోవడానికి చేసుకున్నవి. కిందటేడు ఆమె కాలి నరం దెబ్బతిన్న తరువాత, మంగలి కొట్టులో మూలపడేసిన తిరుగుడు కుర్చీ అడుగుభాగం తెచ్చి డ్రైవరు సీటు కింద అమర్చాను. పక్కకు కూర్చుని లోపలికి తిరిగితే చాలు. ఇలాంటి కారు మరొకటి లేదని వీధిలో అంటారు. నవ్వుతూనే అంటారు.

ఏప్రిల్ మొదటివారంలో ఆమెకు డెబ్బై నిండుతాయి. ఆ తరువాత ఇలా మార్చిన బండికి కొత్తగా అనుమతి ఇవ్వరు. మార్చి ఇరవై తొమ్మిదిన తనిఖీ అధికారి ముందు నడిపి చూపగలిగితే సరేసరి, లేకపోతే ఆమె స్టీరింగు పట్టడం అన్నది ఈ జన్మకు ముగిసినట్టే.

మధ్యాహ్నం తిరిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవకుండానే అడిగింది, ఏమైందని.

"ఇంకా కాస్త ఉంది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు.

ఫిబ్రవరి 12

బ్రేకు ప్రాణంతో ముడిపడిన వస్తువు. ఒక్కరోజు పరీక్షతో తృప్తిపడి కుదిరిందని ప్రకటించడం అవివేకం. నిన్నటి నా మాటలో దోషం లేదు.

ఫిబ్రవరి 15

ఈ మధ్యాహ్నం ఎంత బాగుంది.

కాలు పడిపోయిన నాటినుంచి ఆమె నాకు లేఖకురాలు. నా వేళ్ళు వణుకుతాయి, నాలుగు పంక్తులు రాసేసరికి అక్షరాలు చెదురుతాయి, ఈ డైరీని నేను తప్ప ఎవరూ చదవలేరు. నేను ఒక పాత కావ్యానికి వ్యాఖ్యానం చెబుతాను, ఆమె రాస్తుంది. భూమి పటాలమీద అంకెలు వేసిన చేయి కాబట్టి ఆమె అక్షరం నిటారుగా, గుండ్రంగా ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచి నా చదువు గదిలోనూ ఆమె బతుకు దారిలోనూ సాగాయి. ఒక కావ్యాన్ని ఇద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని ముట్టుకోవడం ఇదే మొదలు.

ఈరోజు పదకొండో సర్గ. నాయిక సాయంకాలం నది దగ్గర నిలబడి ఉంది, ఆమె నీడ నీళ్ళమీద సన్నగా సాగింది అని పద్యం. గట్టుమీద నిలిచి, దాటాలా వద్దా అని సందేహిస్తున్నదని పూర్వ వ్యాఖ్యాతలందరూ రాశారు. నేనూ తరగతిలో అదే చెప్పుకుంటూ వచ్చాను. ఆమె రాయడం ఆపి తల ఎత్తింది.

"ఆ నది తూర్పుకు పారుతోందని మొన్న రాయించారు కదండీ. సాయంత్రం నీడ తూర్పుకే పడాలి. గట్టుమీద నిలబడితే ఆ నీడ గట్టుమీదే పడుతుంది కానీ నీళ్ళమీద ఎలా పడుతుంది?"

పద్యాన్ని మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.

"అంటే ఆవిడ అప్పటికే నీళ్ళల్లోకి దిగిందన్నమాట" అని, తన దారిన తాను మళ్ళీ కాగితంమీదకు వంగింది.

సందేహం అయిపోయింది. నాయిక బయలుదేరింది. ఇంతమంది పండితులకు తట్టనిది, గొలుసుతో నేల కొలిచిన మనిషికి ఒక్క చూపులో తట్టింది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. నా జీవితంలో ఇంతటి మధ్యాహ్నం ఇంకొకటి లేదు.

బండి నడవడం మొదలైతే మధ్యాహ్నాలు ఉండవు. సర్వేలో తనతో పనిచేసిన ఇద్దరు స్నేహితురాళ్ళు ఉన్నారు. వారానికి మూడు నాలుగుసార్లు వాళ్ళను ఎక్కించుకుని చెరువులంటుంది, కొండదారులంటుంది. అలా తిరిగే రోజుల్లో సాయంత్రం దుమ్ముతో, ఆకలితో వచ్చి పడి నిద్రపోయేది.

ఇది ఊరికే రాశాను. దీనికీ కడ్డీకీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 19

కర్రపట్టుకుని షెడ్డుకు వచ్చి, తానే కూర్చుని చూస్తానంది. రేపు చూడమన్నాను. ఎప్పుడూ రేపేనా అంది. సరే, పది నిమిషాలు ఆగమని లోపలికి దూరాను.

ఆ కడ్డీ ఏకఖండం కాదు. ఆమె చేతి పొడవుకు సరిపెట్టుకునేందుకు ఒక గొట్టంలో ఇంకొక గొట్టం దూరేలా గీశాను. రెంటినీ కదలకుండా పట్టి ఉంచేది ఒక ఇనుప పట్టీ, దాన్ని బిగించేది ఒక బోల్టు. డ్యాష్‌బోర్డు కిందికి తలదూర్చి వంగితేనే అది కనబడుతుంది. ఆమె నడుమూ కాలూ ఆ వంగడానికి ఒప్పుకోవు. అక్కడ చూడగల కళ్ళు నావి మాత్రమే.

బోల్టును అర మలుపు వదులు చేశాను.

ఆమె కూర్చుని తోసింది. గొట్టం గొట్టంలోకి జారిపోయింది, పెడలు కదలలేదు. ముఖం తెల్లబోయి, అంతలోనే నవ్వేసింది. "మీ పద్యంలో గణం తప్పితే కవిగారి పరువు పోతుంది. ఇక్కడ తప్పితే నేనే పోతాను" అంది. నయం, ఇంట్లో బయటపడింది అంది. మీరు తొందరపడకుండా ఆపారు కాబట్టి బతికానని కూడా అంది.

పట్టీ అతుకు లోపల ఎక్కడో బీట వారినట్టుంది, బలంగా తోస్తే విచ్చుకుంటోంది అన్నాను. ఈ మాట నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది? జీవితమంతా కర్త, కర్మ, క్రియ అని పిల్లలకు విడదీసి చెప్పినవాణ్ణి, ఈ వాక్యానికి కర్త ఎవరో చూసుకోలేదు. ఆ అతుకు వేసింది వెల్డింగు కొట్టు మెరుపు.

ఫిబ్రవరి 20

పట్టీ ఒక్కటే విప్పి మెరుపు కొట్టుకు తీసుకువెళ్ళాను.

వెల్డింగు నిప్పురవ్వల మధ్యనే ఉంటాడు కనుక చిన్నప్పుడే ఎవరో అతనికి మెరుపు అని పేరు పెట్టారట, అసలు పేరు బోర్డుమీద కూడా లేదు. వయసు అరవై దగ్గర. వెనక గోడకు లేత్, ముందు అరుగుమీద వెల్డింగు. అతని కూతురు నా దగ్గర చదువుకుంది, అప్పటినుంచి నేనంటే అతనికి లేనిపోని గురి. పట్టీని వెలుతురులో పెట్టి చూశాడు, గోరుతో గీరాడు, బల్లమీద తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బీట కనబడలేదు.

నిజంగా జారిందా అని అతను అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో. అతను అడగలేదు.

"మీరు జారిందంటే జారినట్టే మాస్టారూ. పద్యంలో పొల్లు తేడా వస్తేనే ఊరుకోని మనిషి, ఇనుములో ఊరుకుంటారా" అన్నాడు. అని, నిగనిగలాడుతున్న అతుకును గ్రైండరు కింద పెట్టి అరగదీసేశాడు.

అది మంచి అతుకు. నీటి అల గడ్డకట్టినట్టు వరసగా, సమంగా ఉండేది.

ఫిబ్రవరి 21

ఈరోజు ఏమీ రాయను.

మార్చి 2

మెరుపు కొత్త అతుకు వేసి పంపాడు. బిగించాను. ఒంటరిగా తోసి చూశాను. కొండలా నిలిచింది.

మధ్యాహ్నం ఆమెకు వదులు బోల్టే చూపించాను.

కారణాలు ఉన్నాయి. వాటిని క్రమంగా రాస్తాను. ఒకటి, డెబ్బై ఏళ్ళ వయసులో కొత్త అలవాటు చేతికి పట్టడం కష్టం. రెండు, పాదానికి బ్రేకు అలవాటైన మనిషి, ఆపదవేళ చేతిని మరచి పాదాన్నే కదపవచ్చు. మూడు, రోడ్డుమీద ఇప్పటి జనం పిచ్చెత్తినట్టు నడుపుతున్నారు. నాలుగు,

నాలుగు రాయలేకపోయాను. ఇవి మూడూ చదివి చూసుకుంటే, పద్యంలో లేని అర్థాన్ని లాక్కొచ్చి నిలబెట్టే వ్యాఖ్యాతల ఎత్తులు గుర్తొస్తున్నాయి. వాళ్ళను ఎన్ని పీఠికల్లో ఎండగట్టాను. ఆమె చేయి స్థిరమైనది. కారుకు గీత కూడా పడనివ్వని మనిషి. నాకు తెలుసు.

మార్చి 8

అమ్మాయి ఫోను చేసింది. బండి ఎప్పటికి అవుతుందని అడిగింది. అతుకు నిలవడం లేదన్నాను. "నాన్నా, త్వరగా కానివ్వండి. అమ్మ ఫోనులో నాతో సమాసాలు విడదీస్తోంది. ఒక ఇంటికి ఒక పంతులు చాలు" అంది. నవ్వాను. తరువాత చాలాసేపు అద్దంముందు నిలబడి గడ్డం గీసుకున్నాను. గీయవలసింది ఏమీ లేదు.

రాసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ వారం ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చెప్పింది చెప్పినట్టు రాస్తోంది. నిన్న కావాలని ఒక అన్వయం తప్పుగా చెప్పాను. అదీ రాసేసింది.

మార్చి 14

మెరుపు ఇంటికే వచ్చాడు. రెండో అతుకు కూడా జారిందని నేను కబురు చేసి రెండురోజులైంది. బండిలో బిగించి ఉండగా తాను స్వయంగా చూస్తానన్నాడు. విప్పేశానన్నాను. అది మాత్రం నిజమే. అతని కంఠం వాకిట్లో వినగానే వెళ్ళి విప్పేశాను.

వరండాలో కూర్చున్నాడు. పట్టీని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"కంటికి బాగానే కనబడుతోంది మాస్టారూ. అదే భయంగా ఉంది" అన్నాడు.

తరువాత మెల్లగా సంగతి చెప్పాడు. టైర్ల కొట్టు వాళ్ళు ఒకతన్ని పంపారట. అద్దె కారు నడుపుకునేవాడు, కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు. మాస్టారింట్లో అమ్మగారి బండికి చేసినట్టు నాకూ ఒక చేతికడ్డీ చేసిపెట్టు, నా పని నేను చేసుకుంటానని అడిగాడట. నా చెయ్యి ఇదివరకులా లేదు, ప్రాణాలమీది పని ఇక ఒప్పుకోనని చెప్పి పంపేశానన్నాడు మెరుపు. గేట్లూ కిటికీ ఊచలూ చేసుకుంటాను, అవి విరిగినా ఎవరూ చావరు అని కూడా అన్నాడు.

ఇక్కడ నేనేం చేశానో రాయాలి. నేనతని భుజంమీద చేయి వేశాను. వయసు ఎవరికైనా వస్తుందిలే అన్నాను. నా వేళ్ళు చూడు, నాలుగు పంక్తులు రాయలేవన్నాను. అతను తల ఊపి, నా వేళ్ళవంక జాలిగా చూశాడు. అమ్మగారికోసం ఆఖరుసారి మళ్ళీ అతికి పంపుతానని పట్టీని తీసుకువెళ్ళాడు.

మార్చి 15

మనసా, వాచా, కర్మణా. పాపానికి దారులు మూడని చిన్నప్పుడే వల్లెవేయించారు. భుజంమీద చేయి వేసి ఓదార్చడం ఈ మూడింటిలో దేనికిందికి వస్తుందో ఏ స్మృతికారుడూ చెప్పినట్టు లేదు. మూడూ ఒక్కసారే చేయగల మనిషి ఉంటాడని వాళ్ళు ఊహించి ఉండరు.

మార్చి 16

ఈరోజు చెబుతాను.

మార్చి 17

నిన్న ఆమెకు తలనొప్పిగా ఉంది. అటువంటప్పుడు చెప్పడం భావ్యం కాదు.

మార్చి 22

మధ్యాహ్నం కాగితాలు సర్దుకుని ఎదురుచూశాను. ఆమె రాలేదు. వెళ్ళి చూస్తే గేటు దగ్గర కర్రమీద బరువు వేసి నిలబడి, రోడ్డుమీద పోయే బండ్లను చూస్తోంది. ఏ బండి ఏ గేరులో పోతోందో చప్పుడునుబట్టి చెప్పడం ఆమెకు సరదా. ఈరోజు పెదవులు కదలడం లేదు. పాలవాడు పలకరించినా వినిపించుకోలేదు.

లోపలికి వచ్చాక నెమ్మదిగా చెప్పింది. తనిఖీ వద్దని ఆఫీసుకు కబురు పెట్టేయమంది. కారు ఎవరికైనా ఇచ్చేద్దామంది, షెడ్డులో కవిగారి పల్లకీలా పడి ఉండి ఏం లాభం అంది. మెరుపుకు తానే ఫోను చేసిందట. నీ తప్పేమీ లేదు, నా పాదం నాకు చెప్పకుండా ఎలా పోయిందో నీ చేయి కూడా అలాగే పోయింది, బాధపడకు అని చెప్పిందట.

"పాపం, ఏడ్చాడండీ" అంది.

వ్యాఖ్యానానికి కూర్చుందామా అని తానే అడిగింది. పెన్ను తీసుకుని, బల్లమీద మోచేయి ఆన్చి, నా నోటివంక చూస్తూ కూర్చుంది. నాకు కావలసింది ఇదే. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఎక్కడికీ పోవలసిన పనిలేని మనిషి ఎదురుగా ఉంది. నాకు ఒక్క వాక్యం కూడా రాలేదు. గొంతు బాగాలేదన్నాను.

మార్చి 23

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. మెరుపు మూడోసారి అతికి పంపిన పట్టీని బిగించి, బోల్టును స్పానరుతో చేయి నొప్పెట్టేదాకా తిప్పాను. తరువాత ఆమెను పిలిచాను.

తోసింది. నిలిచింది. మళ్ళీ తోసింది. సీటుతోపాటు గిర్రున నావైపు తిరిగి నా రెండు చేతులూ పట్టుకుంది. పదేళ్ళు చిన్నదైపోయింది.

ఈసారి కుదిరింది అన్నాను. ఈసారి అన్న మాట ఎందుకు చేర్చాను? అది లేకపోయినా వాక్యం పూర్తయ్యేదే.

మార్చి 26

రోజంతా వాకిట్లోనే ముందుకూ వెనక్కూ నడుపుతోంది. పూలకుండీ ఒకటి పగిలింది. కుండీదే తప్పంది, దారికి అడ్డంగా పెరిగిందట. భోజనంవేళ ఎడమచేత్తో గ్లాసును ముందుకు తోసి ఇది బ్రేకు అనీ, వెనక్కు లాగి ఇది పోవడం అనీ సాధన చేసింది. నీళ్ళు ఒలికాయి.

అంతా మంచే జరిగింది కదా. ఇక చెప్పి ఎవరిని బాధపెట్టాలి? ఇలాంటి సందర్భాల్లో మౌనాన్ని పెద్దలు మెచ్చుకున్నారు.

మార్చి 29

తనిఖీ మైదానం ఊరికి ఆ చివర. తెల్లసున్నంతో గీతలు, కర్ర స్తంభాలు, ఒక చిన్న ఎత్తు. మెరుపు కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. అమ్మాయి కారులో మేం ముగ్గురం వెళ్ళాం, మా కారును మాత్రం లారీమీద తెచ్చారు.

అధికారి యువకుడు. మంగలి కుర్చీ అడుగుభాగాన్ని చూసి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. చేతికడ్డీ దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. తానే కూర్చుని బలంగా తోసి చూశాడు. ఎవరి పని అని అడిగాడు. మెరుపు నావైపు చూపించి, గీత మాస్టారిది అన్నాడు.

ఆమె నడిపింది. స్తంభాల మధ్య పాములా మెలికలు తిరిగి, ఎత్తుమీద ఆపి, వెనక్కు జారకుండా మళ్ళీ ఎక్కించి, అధికారి ఉన్నట్టుండి చేయి అడ్డం పెడితే గీతకు ఇవతలే ఆపేసింది. ఆ ఆగడంలో తొట్రుపాటు లేదు, విరుపు లేదు. బాగా తెలిసిన పద్యాన్ని పాదం చివర ఆపినట్టు ఆగింది. నడిపేటప్పుడు ఆమె ముఖం నేనెప్పుడూ ఎదురుగా చూడలేదు. ఎప్పుడూ వెనకసీట్లో పుస్తకంలోనే ఉన్నాను.

అనుమతి వచ్చింది.

ఆమె ముందుగా నా దగ్గరకు రాలేదు. మెరుపు దగ్గరకు వెళ్ళింది. నీ అతుకే నన్ను నిలబెట్టిందని చెప్పింది. అతను కళ్ళు తుడుచుకుంటూ, మొదటి రెండూ పాడుచేశాను అమ్మగారూ, దేవుడి దయవల్ల మూడోది నిలిచింది, ఇక ఈ జాతి పని ఇదే ఆఖరు అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. గాలికి సున్నం లేచి కళ్ళల్లో పడుతోందన్నట్టు నిలబడి ఉన్నాను.

మార్చి 30

చెప్పాను.

మెరుపును నేనే ఇంటికి పిలిపించాను. షెడ్డులో, కారు ముందు, ఇద్దరూ ఉండగా చెప్పాను. దండకంలా సాగదీయకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఏ అతుకూ జారలేదు, బోల్టు వదులు చేసింది నేను అన్నాను.

మెరుపు కొంతసేపు కారువైపే చూశాడు.

"అయితే మొదటిది పట్టింది" అన్నాడు.

"పట్టింది."

"రెండోది?"

"అదీ పట్టింది."

అతని ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు, ఊపిరి. నీటిలో మునిగి పైకి తేలినవాడి ఊపిరి. కోపం దాని వెనక వచ్చింది. తిట్లు తింటాననుకున్నాను. తిట్టలేదు. "మీరు నా పని బాగాలేదని తిట్టినా పోయేది మాస్టారూ. భుజంమీద చెయ్యేసి మాట్లాడారు" అన్నాడు. చొక్కా భుజాన్ని దులుపుకున్నాడు. దులుపుకున్న సంగతి అతనికే తెలియదు.

ఆమె తిరుగుడు సీటుమీద పక్కకు కూర్చుని ఉంది. కాళ్ళు బయటికి, చేతులు ఒళ్ళో. ఎందుకని అడిగింది. బ్రేకులూ ప్రాణాలూ అంటూ మొదలుపెట్టబోయి ఆగాను. నువ్వు ఇంట్లో ఉంటున్నావని, అన్నాను.

"నేను ఇంట్లో లేనండీ. బండికోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను."

మళ్ళీ అంది, నాతో కాదు, ఎవరితోనూ కానట్టు.

"నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు."

లోపలికి తిరిగింది. తలుపు వేసుకుంది. కారు గేటు దాటి వెళ్ళిపోయింది. మెరుపూ నేనూ ఖాళీ షెడ్డులో ఒకరి ముఖం ఒకరం చూడకుండా నిలబడ్డాం. వెళ్ళేముందు అతను నేలమీద పడి ఉన్న స్పానరును తీసి, దాని చోట దాన్ని తగిలించాడు.

ఏప్రిల్ 1

పొద్దున వెళ్ళింది. సాయంత్రం వచ్చింది.

ఏప్రిల్ 2

పొద్దున వెళ్ళింది.

ఏప్రిల్ 3

మాట్లాడుతుంది. ఉప్పు ఇటివ్వండి అంటుంది, ఫోను మీకే అంటుంది. "మీరు" అన్న పిలుపులో మర్యాద ఏమీ తగ్గలేదు, అదే భరించలేకుండా ఉన్నాను. మధ్యాహ్నం పన్నెండో సర్గ తెరిచి నేనే రాయబోయాను. వంకరటింకర అక్షరాలతో ఒక పంక్తి వచ్చింది. ఆ పంక్తిలో చెప్పదగ్గది ఏమీ లేదు.

ఏప్రిల్ 6

ఉదయం ఆమె గుమ్మంలో నిలబడి, బయలుదేరమంది. ఎక్కడికని అడగలేదు. కారులో ముందుసీట్లో మెరుపు ఉన్నాడు. నేను వెనక కూర్చున్నాను. మడతబల్లను తెరవలేదు.

దారిలో మెరుపు ఆమెతోనే మాట్లాడాడు. కాలు తీసేసిన అద్దె కారతనికోసం వెతుకుతున్నామని ఆ మాటలవల్ల నాకు అర్థమైంది. అతనికి చేసిపెట్టాలని మెరుపు నిశ్చయించుకున్నాడు, ఇనుము కూడా కోయించి సిద్ధం చేశాడట. టైర్ల కొట్టులో అడిగితే, అతను కారు వదిలేసుకున్నాడని, ఆసుపత్రి దగ్గర బండ్లు నిలిపే చోట చూడమని చెప్పారు.

అక్కడే ఉన్నాడు. చిన్న గొడుగు కింద ఎత్తు పీట, చేతిలో చీటీల కట్ట, పీటకు ఆన్చిన చంకకర్రలు. నలభై దాటి ఉంటాయి. మా కారు వచ్చి ఆగగానే అలవాటుగా చీటీ చింపబోయి, ఆమె ఎడమచేయి కడ్డీమీద ఉండటం చూశాడు. చీటీ చింపడం మరచిపోయాడు.

మెరుపును గుర్తుపట్టి పలకరించాడు. ఇప్పుడు చేసిపెడతానని మెరుపు చెప్పగా విని, సంతోషంగానే నవ్వాడు. "ఇప్పుడు దేనికి బిగిస్తావన్నా, ఈ పీటకా?" అన్నాడు. బండి వేరేవాళ్ళ చేతికి పోయి మూడు వారాలైందట. చేతికడ్డీ దొరకదని తేలాక ఇక ఆగి లాభం లేదనుకున్నాడట. ఇదీ బాగానే ఉంది, నీడపట్టున ఉన్నానన్నాడు.

ఒక్కసారి కూర్చోవచ్చా అని అడిగాడు. ఆమె దిగి సీటును బయటికి తిప్పింది. అతను చంకకర్రలు నాకు అందించి, సీటుమీద కూర్చుని, లోపలికి తిరిగి, కడ్డీని ముందుకు తోశాడు. వెనక్కు తీశాడు. మళ్ళీ తోశాడు. అద్దంలో వెనక చూసుకున్నాడు, ఆ చోటునుంచి బయటికి తీయబోతున్నవాడిలా.

"వెన్నలా ఉంది. ఎవరు చేశారు?"

గీత మాస్టారిదని, చేత నాదని మెరుపు చెప్పాడు. ఈసారి చెప్పేటప్పుడు నావైపు చూడలేదు. అతను తల తిప్పి ఎంతో గౌరవంగా నాకు నమస్కారం పెట్టాడు. నా రెండు చేతుల్లోనూ అతని చంకకర్రలు ఉన్నాయి, తిరిగి నమస్కరించడానికి వీల్లేకపోయింది.

"నేనొచ్చి అడిగే రోజుకు ఇది ఇంకా కుదరలేదని ఈ అన్న చెప్పాడు సార్. ఎప్పటినుంచి పనిచేస్తోంది?"

మెరుపు ఆసుపత్రి గోడవైపు తిరిగాడు. ఆమె తలుపుమీద చేయి ఆన్చి నిలబడి ఉంది. వారం రోజుల తరువాత మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. పెన్ను పట్టుకుని, నేను చెప్పబోయే మాటకోసం ఎదురుచూసే మధ్యాహ్నపు చూపే అది.

"మీరు కొట్టుకు రాకముందునుంచీ" అన్నాను. "దాచింది నేను."

అతను నావైపు చూస్తూనే ఉన్నాడు. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది, అర్థమైన క్షణం నాకు తెలిసింది. అతని చేయి ఇంకా కడ్డీమీదే ఉంది. దాన్ని ముందుకు తోయలేదు, వెనక్కు లాగలేదు. వేళ్ళను ఒక్కొక్కటిగా తీసి, ఎవరిదో వస్తువును తెలియక ముట్టుకున్నవాడిలా చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

తరువాత, కర్రలు ఇవ్వమని చేయి చాచాడు.